గడ్డికి వెల యెంత?

ప్రొద్దు పొడిచిన కొంతసేపటికి పశువుల మంద ఊరు దాటి కొండవాలునకు పోవును. ప్రొద్దు గ్రుంకువేళ దుమ్ము రేపుచు మరలి వచ్చును. పాతపట్నము చుట్టుప్రక్కల గ్రామములలో పుట్టి పెరిగినవారి కీ దృశ్యము క్రొత్తది కాదు. ఆ మంద పగలెల్ల మేసిన మేతకు ఎవరును వెల చెల్లింపలేదు. ఏ పద్దుపుస్తకమునను అది వ్రాయబడలేదు. సాయంకాలము పితికిన పాలకు వెల కలదు. దుక్కిటెద్దునకు వెల కలదు. సంతలో మేకపోతునకు వెల కలదు. దొడ్డిలోని గెత్తపు కుప్పకు సైతము వెల కలదు. వీని కన్నిటికిని మూలమైన గడ్డికి మాత్రము వెల లేదట! వెల లేనిదానిని కాపాడుట యేల, ఆ నేలను మఱియొక లాభకరమైన పనికి వినియోగింపరాదా యని ప్రశ్నించువారు నానాటికి హెచ్చుచున్నారు. చదువుకొన్నవారిలోనే యీ ప్రశ్న తఱచుగ వినవచ్చుచున్నది గావున, పఠనమందిరమున ఈ పత్రికను విప్పిన సోదరులతోనే మేమీ లెక్క తేల్చుకొనగోరుచున్నాము.

గడ్డికి వెల లేదను మాట చరిత్రకు విరుద్ధము. పరప్రభుత్వము గడ్డి వెలను బాగుగ నెఱిగియుండెను. అడవిలో పశువును మేపినందులకు పుల్లరి యను పన్ను విధించి, తల కింత యని వసూలు చేసెను. 1921లో పల్నాటి రైతులు ఆ పుల్లరిని చెల్లింపమని యెదురు నిలిచిరి. వారి నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తుపాకులకు బలి యయ్యెను. మేతహక్కు కొఱకు ప్రాణమొడ్డిన వారి వారసులమైన మనము, ఆ మేతయే నేడు పనికిమాలినదనుట వింతగాక మఱేమి? పన్ను వేయునపుడు వెలగల వస్తువు, నేలను పంచిపెట్టునపుడు వెలలేనిదెట్లగును?

ఈ తారుమారునకు మూలము ఒక్క మాటలో నున్నది. అది ‘బంజరు’ అను మాట. శిస్తు తెచ్చు నేల పనికివచ్చు నేల, శిస్తు రాని నేల బంజరని రెవిన్యూ లెక్కలు వ్రాసినవారి భావము. వారు పోయిరి, వారి భావము నిలిచియున్నది. 2000లో కేంద్ర ప్రభుత్వమును, హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన సంస్థయు కలసి వెలువరించిన బంజరు భూముల అట్లాసు సైతము క్షీణించిన మేతబయళ్లను, పొదల నేలలను బంజరులలోనే చేర్చినది. క్షీణించినదనుట నిజమే కావచ్చును. కాని రోగిని రోగి యనవలెను గాని శవ మనరాదు. బంజరని యొకసారి పేరుపడిన నేలకు ఆదాయ మేమియు లేదని తలచి, ఎవరేమి చేసినను ఊరికి నష్టము లేదని తీర్మానించుట సులభమగుచున్నది.

మన ప్రాంతమున దీనికి మఱియొక కారణము కూడ కలదు. ఇది జమీందారీ ప్రాంతము. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు పర్లాకిమిడి పట్టణము ఆ రాష్ట్రమునకు పోయెను, పాతపట్నము మదరాసు రాష్ట్రమున నిలిచెను. ఆ గీత మనుష్యులు గీసినది. మేసెడు మందకును, గాలికి పోవు గడ్డివిత్తునకును, వాననీటికిని అది తెలియదు. పిమ్మట 1948 నాటి మదరాసు ఎస్టేట్ల రద్దు చట్టము గ్రామ ఉమ్మడి భూములను, పోరంబోకులను, మేతబయళ్లను, అడవులను జమీందారుల నుండి తీసి ప్రభుత్వపరము చేసినది. జమీందారీ పోవుట మేలే. కాని మేతబయలునకు యజమాని మాఱెనే గాని, దానిని తరతరములుగ వాడుకొనుచున్న గ్రామమునకు యాజమాన్యము రాలేదు. ఊరందఱిదియు నైన నేల కాగితముమీద సర్కారుది యయ్యెను. సర్కారుది యైన నేల క్రమముగ ఎవరిదియు కానిదయ్యెను. ఎవరిదియు కానిదాని లెక్క ఎవరు వ్రాయుదురు?

ఆ లెక్కను మేమిపుడు వ్రాయజూతుము. మొదటి పద్దు గడ్డి. మూడువందల కిలోల బరువుగల నాటు ఆవు తన బరువులో నూటికి రెండు వంతుల చొప్పున దినమునకు ఆఱు కిలోల ఎండుమేత తినుననుకొందము. ఏడాది కది రెండు టన్నులకు పైబడును. ఒక గ్రామమునకు నూఱెకరముల మేతబయలున్నదనియు, దానిని కాపాడుటచేత ఎకరమునకు అర టన్ను ఎండుగడ్డి హెచ్చుగ వచ్చెననియు అనుకొందము. మొత్త మేబది టన్నులు. ఇరువదిరెండు పశువులకు ఏడాది మేత. వరికోత యంత్రములు వచ్చిన పిమ్మట రైతునకు ఎండుగడ్డి కఱవైనది గదా. ఆ యేబది టన్నులు కొనవలసి వచ్చిన నెంత యగునో, తమ సంతలోని గడ్డిమోపు వెలను బట్టి పాఠకులే కట్టి చూచుకొందురు గాక. ఆ సొమ్ము ఒక్క యేటిది కాదు, ఏటేట వచ్చునది.

ఇక్కడ గమనింపవలసిన సంగతి యొకటి కలదు. గడ్డియంతయు ఒక్క తీరుది కాదు. మన నేలకు సహజమైన బహువార్షిక తృణములు వేళ్లు లోతుగ పాఱి, వేసవిలో పైన నెండినను క్రింద బ్రతికియుండి, తొలకరికి మరల చిగిర్చును. విశ్రాంతి లేక మేపిన యెడల ముందుగ చచ్చునవి పశువులు మక్కువతో తిను ఈ మంచి గడ్డులే. వాని స్థానమున ఒక్క కారు మాత్రమే బ్రతుకు ముతకగడ్డి వచ్చును. అదియు పోయిన పిమ్మట పశువు ముట్టని తంగేడు, లాంటానా, వయ్యారిభామ మిగులును. అపుడా నేల చూపునకు పచ్చగనే యుండును. మందకు మాత్రము మేత యుండదు. పచ్చదనము వేఱు, మేత వేఱు అని మన పట్టణవాసు లెఱుగవలెను.

రెండవ పద్దు చెట్టుమేత. చైత్ర వైశాఖములలో గడ్డి యెండిపోయినపుడు మందను నిలుపునవి రావి, మఱ్ఱి, జువ్వి, మేడి కొమ్మలు, రేగాకులు, తుమ్మకాయలు. గంజాము, గజపతి జిల్లాలలో గొల్లలు పెంచు గంజాం మేక యను జాతికి ప్రభుత్వ గుర్తింపు కలదు. పొదలును, తుప్పలును లేకున్న అట్టి మేకల పోషణయే లేదు. ఏడాదిలో రెండునెలల కఱవు గడిపించిన చెట్టు, పది నెలలు ఊరకున్నట్లు కనబడినను, ఆ పది నెలలును పశువు బ్రతికి పాలిచ్చుటకు కారణమైనది. కష్టకాలమున ఆదుకొను వస్తువునకు సుఖకాలపు వెల గట్టుట న్యాయము కాదు.

మూడవ పద్దు వంటచెఱకు. మన దేశపు వ్యవసాయమును పరిశీలింప వచ్చిన వోల్కర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1893లో వెలువడిన తన నివేదికలో, కట్టెలు దొరకనిచోట రైతు పేడను పిడకలు చేసి కాల్చుచున్నాడనియు, ఆ మేరకు పొలము ఎరువును కోల్పోవుచున్నదనియు చూపెను. పశువుల మేతకును వంటచెఱకునకును గ్రామములకు చేరువగ నేలలు కేటాయింపవలెనని సలహా చెప్పెను. వంటగ్యాసు పల్లెలకు వచ్చినను, బండ వెలకు వెఱచి కట్టెలపొయ్యిని విడువని యిండ్లు నేటికిని గలవు. మేతబయలున నఱకక మిగిల్చిన చెట్ల యెండుకొమ్మ యొకటి పొయ్యిలోనికి పోయిన, ఒక తట్ట పేడ పొలములోనికి పోవును. ఆ తట్టకు బదులుగ కొనవలసిన రసాయనపు ఎరువు ఖరీదు ఈ పద్దులో వ్రాయవలెను. కానుగాకును, తంగేడాకును పచ్చిరొట్టగ వేయు రైతునకు మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

నాలుగవ పద్దు నీరును, మన్నును. శ్రీకాకుళము జిల్లాలో ఏడాదికి వేయి మిల్లీమీటర్లకు మించి వాన కురియును. అందధికభాగము కొన్ని మాసములలోనే కురియును. వాలునేల మీద గడ్డి యున్న నీరు నిదానించి యింకును. లేకున్న మన్నుతోగూడ పరుగిడును. మహేంద్రగిరి కొండలనుండి వచ్చు మహేంద్రతనయ మన పాతపట్నము ప్రక్కగ ప్రవహించి, గొట్టా బరాజునకు ఎగువను వంశధారలో కలియును. మన వాలునేలల మన్ను కదలెనేని చెఱువులలో, కాలువలలో, బరాజు వెనుక పేరుకొనును. 2018 అక్టోబరు 11వ తేదీన పలాస చేరువను తీరము దాటిన తిత్లీ తుపానునకు ఈ నదులు పొంగుటయు, పొరుగున గజపతి జిల్లాలో కొండచరియలు విఱిగి జనులు మరణించుటయు మనమింకను మఱువలేదు. గడ్డి యున్నచో తుపాను రాదని మేమనుట లేదు. అట్టి వానకు ఏ గడ్డియు పూర్తిగ అడ్డుపడజాలదు. ఏటేట కురియు మామూలు వానలలో చెఱువు పూడికను తగ్గించుట మాత్రము గడ్డివేళ్ల పని. పూడిక తీయుటకు ఘనపుమీటరు కింత యని గుత్తేదారునకు సొమ్ము చెల్లించు ప్రభుత్వము, పూడిక పడకుండ చేసినదానికి వెల లేదనుట యెట్టి లెక్క?

అయిదవ పద్దు చిల్లర యాదాయము. చిల్లరయని పేరే గాని మొత్తమున చిన్నది కాదు. చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయలు, అడ్డాకులు, తేనె మొదలగువానిని సవర సోదరులు కొండలనుండి సేకరించి తెత్తురు. సీతంపేట కొండచీపుళ్లు మన ప్రాంతమున నెఱుగనివారు లేరు. ఆ చీపురును గడ్డిజాతిదే. పొదల పూలమీద బ్రతుకు తేనెటీగలు నువ్వుచేలకును, తోటలకును చేయు మేలునకు ఎవరును కూలి యిచ్చుట లేదు. 1998లో జాతీయ నమూనా సర్వే జరిపిన విచారణలో, గ్రామసీమలలో నూటికి 48 కుటుంబములు ఉమ్మడి వనరులనుండి ఏదో యొకటి సేకరించుచున్నవనియు, కుటుంబమునకు సగటున ఏడాదికి 693 రూపాయల విలువగల వస్తువులు వచ్చుచున్నవనియు తేలినది. ఇది దేశపు సగటు, నాటి ధరలు. ఆ సగటునే తీసికొన్నను, మూడువందల గడపలుగల గ్రామమునకు ఏడాదికి రెండులక్షల ఏడువేల తొమ్మిదివందల రూపాయలు. ఇంత సొమ్ము ఏటేట నొసగు నేలను బంజరనవచ్చునా?

ఇక ఖర్చు వ్రాయక జమ మాత్రమే వ్రాయుట పక్షపాతము. ఎదుటివారి వాదమును కూడ విందము. జామాయిలు వేసిన నాలుగైదేండ్లకు కాగితపు మిల్లువారు సొమ్మిత్తురు. జీడిమామిడి వేసిన ఉద్దానమువలె కాపు కాయవచ్చును. ఇండ్లస్థలములకు, రోడ్లకు, పరిశ్రమలకు నేల కావలెను గదా యని వారందురు. ఇందు సత్యము లేకపోలేదు. కాని యొక భేదము కలదు. జామాయిలు సొమ్ము కొన్నేండ్ల కొకసారి ఒకరిద్దఱి చేతికి వచ్చును; మేతబయలు ఫలము దినదినమును పదిమందికి వచ్చును. జామాయిలాకు పశువు తినదు. దట్టముగ వేసిన తోటక్రింద మేత పెరుగుట అరుదు. బయటనుండి తెచ్చిన మొక్క యెట్లు వ్యాపించునో తెలియుటకు సర్కారు తుమ్మయే చాలును. పందొమ్మిదవ శతాబ్దము చివర వంటచెఱకు కఱవు తీర్చుటకై మన కడప సీమలో నాటబడిన ఆ చెట్టు, నేడు ఎన్ని చెఱువులను, ఎన్ని బయళ్లను ఆక్రమించినదో యెఱుగనివారు లేరు. కట్టె నిచ్చినది, బొగ్గు నిచ్చినది, నిజమే, మేతనేలను మ్రింగినది. లాభమును మాత్రమే యెంచి నాటిన మొక్కకు నష్టము వ్రాయువారు నాడు లేకపోయిరి.

చెట్టున్న మేలని యెక్కడబడిన నక్కడ దట్టముగ చెట్లు నాటుటయు లెక్కతప్పిన పనియే. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు పశుక్షేత్రములనుగూర్చి 1999లో వెలువడిన వాల్పోల్ పరిశోధన యిచ్చట పనికివచ్చును. క్షేత్రములో స్థానిక వృక్షములున్న భాగము హెచ్చినకొలది పచ్చిక విలువ కూడ కొంతవఱకు హెచ్చెననియు, ఆ భాగము నూటికి 34 వంతులైనచోట విలువ అత్యధికముగ నుండెననియు, అటుపైన తగ్గెననియు అందు తేలినది. ఆ దేశపు నేల వేఱు, వాన వేఱు. ఆ యంకెను తెచ్చి మన కొండవాలుకు అతికింపరాదు. అయినను దానినుండి నేర్వవలసిన సూత్ర మొకటి కలదు. చెట్టునకును గడ్డికిని వైరము లేదు. వానికొక పాలు కలదు. ఆ పాలెంతయో మన నేలమీద మనమే కొలిచి తెలిసికొనవలెను. ఆ దేశమే మఱియొక పాఠము కూడ నేర్పినది. లోతు వేళ్లుగల స్థానిక వృక్షములను విస్తారముగ నఱికిన ప్రాంతములలో భూగర్భజలము పైకుబికి, ఉప్పు పైకి తేలి, పొలములు చవుడు వాఱినవి. నఱకునపుడు ఆదాయముగ తోచినది మనుమలనాటికి అప్పుగ మాఱెను.

మఱియొక కఠినమైన ప్రశ్న మిగిలియున్నది. కాపాడుట యనగా కొంతకాలము మేత మానుట. మానువా రెవరు? పది యెకరముల రైతు తన గట్టుగడ్డితో గడుపుకొనగలడు. భూమిలేని మేకలకాపరి ఏమి చేయును? దేశములో ఆంధ్రప్రదేశముతో సహా ఏడు రాష్ట్రముల మెట్టగ్రామములను పరిశీలించి యెన్.ఎస్. జోధా 1986లో వ్రాసినదానినిబట్టి, బీద కుటుంబముల ఆదాయములో నూటికి 14 నుండి 23 వంతులు ఉమ్మడి నేలలనుండియే వచ్చుచుండెను. 1950 తరువాతి మూడు దశాబ్దములలో ఆ నేలల విస్తీర్ణము ఆయా ప్రాంతములలో నూటికి 31 నుండి 55 వంతులవఱకు తగ్గిపోయెను. బీదలకు పంచుదుమని తీసిన నేలవలన బీదలు కోల్పోయిన దింత! కావున సంరక్షణ పేరుతో కంచె వేసి కాపరిని తఱుముట కూడ ఆ పాపములో పాలుపంచుకొనుటయే యగును. పుల్లరి రోజుల తప్పును మనమే మరల చేయరాదు.

దీనికి దారి లేకపోలేదు. చండీగఢునకు చేరువనున్న హర్యానా గ్రామము సుఖోమాజ్రీ కొండ మితిలేని మేతవలన మొండియై, దాని మన్ను నగరపు సుఖ్నా సరస్సులో పూడుచుండెను. 1970ల చివర పి.ఆర్. మిశ్రా అను భూసంరక్షణ శాస్త్రజ్ఞుని సలహాతో అక్కడ చిన్న మట్టికట్టలు కట్టిరి. ఆ నీటిలో భూమిలేనివారికి సైతము వాటా యిచ్చిరి. కొండగడ్డి కోసికొను హక్కు గ్రామసంఘమున కిచ్చిరి. అపుడు ముళ్లకంచె లేకయే ప్రజలు తమ పశువులను తామే కొండనుండి నిలిపిరి. గడ్డి పెరిగెను, గేదెలు పెరిగెను, పాలు పెరిగెను. ఫలములో వాటా యున్నవాడే కాపలాకు కట్టుబడును. ఇది మేము కనిపెట్టిన నీతి కాదు; ప్రతి రైతునకు తెలిసినదే.

కావున మేము కోరునవి కొన్ని. ప్రతి గ్రామపు మేత పోరంబోకు సర్వే నంబరును, విస్తీర్ణమును, హద్దురాళ్లును తేల్చి పంచాయతీ కార్యాలయమున అందఱు చదువునట్లు వ్రాసి పెట్టవలెను. పంజాబులోని యొక గ్రామపు చెఱువును గూర్చిన వ్యాజ్యమున 2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఇట్టి ఉమ్మడి నేలల ఆక్రమణలను తొలగింప రాష్ట్రముల నాదేశించినది; హద్దు తెలియనిదే ఆక్రమణ తెలియదు. ఆ నేలలో నేదేని యితరుల కిచ్చుటకు ముందు, పైన చెప్పిన అయిదు పద్దులును వ్రాసిన లెక్కను గ్రామసభ ముందుంచి, సభ సమ్మతి పొందవలెను. బయలును మూడు నాలుగు భాగములు చేసి, వర్షకాలమున వంతుల చొప్పున ఒక్కొక్క భాగమునకు విశ్రాంతి యొసగి, గడ్డి విత్తురాల్చిన పిమ్మట కోసికొనుట కనుమతింపవలెను. ఆ విశ్రాంతికాలమున భూమిలేని కాపరికి గడ్డిలో మొదటివాటాయు, కాపలాపనియు ఒసగవలెను. మొక్కలు నాటు పథకములలో జామాయిలునకు బదులు రావి, మేడి, రేగు, కానుగ, ఇప్ప నాటవలెను. గడ్డినేల నంతను తోటగ మార్పరాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానికసంస్థయు ఏర్పఱచుకొనవలసిన సంఘములు కాగితముమీద నుండక ఈ పనికి పూనుకొనవలెను.

ఐక్యరాజ్యసమితి 2026వ సంవత్సరమును మేతబయళ్లకును పశుపోషకులకును ఉద్దేశించిన సంవత్సరముగ 2022లో నిర్ణయించినది. ప్రపంచమంతయు గుర్తించిన విషయమును మన పంచాయతీ గుర్తించుటకు వేఱొక సంవత్సరము కావలెనా? మా పాఠకులలో లెక్కలు వ్రాయనేర్చినవారు వేలకొలది కలరు. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వకీళ్లు, వర్తకులు కలరు. కాపరికి గడ్డి తెలియును గాని పద్దు వ్రాయరాదు. మనకు పద్దు వ్రాయవచ్చును గాని గడ్డి తెలియదు. ఒక్క సెలవుదినమున ఒక పలక, ఒక పుస్తకము చేతబట్టుకొని ఆ మందవెంట బయలునకు పోవుదురు గాక. ఏ మూల యే గడ్డి యున్నదో, ఏ చెట్టు ఏ నెలలో మేత నిచ్చునో, ఏ వాగు ఎన్నాళ్లు పాఱునో అతడు చెప్పును. మీరు వ్రాయుదురు గాక. ఆ వ్రాతతో గ్రామసభకు పోయినపుడు, ఈ నేలకు ఆదాయమేమని యడుగువారికి చూపుటకు మీచేత అక్షరములలో సమాధాన ముండును. ఆ లెక్క లేనంతకాలము బయలు బంజరుగనే యుండును. బంజరు ఎవరడిగిన వారి పాలగును.